ముల్లంగి మడిలో గోల

వానలు వెలిసి చలి సన్నగా దిగగానే, చెవులయ్య అనే కుందేలు ముల్లంగి గింజలు గుప్పెళ్లతో చల్లేశాడండీ. మడంతా మొలకలే!

"సగం పీకెయ్యి అల్లుడూ! ఇంత ఒత్తుగా ఉంటే దుంప ఊరదు. చలికాలమంతా నీ పిల్లలకి ఎలక తోకలే దక్కుతాయి" అంది పక్కింటి కోడిపెట్ట కోడత్త.

"దేవుడిచ్చిన ప్రాణాలత్తా! ఏ చేత్తో పీకను?" అని కళ్లొత్తుకున్నాడు చెవులయ్య.

ఇంతలో మడిలోంచి మొలకలవి ఒకటే అరుపులు.

"ఒరేయ్ బావా, నీ మోచెయ్యి నా డొక్కలోంచి తియ్యరా!"

"తీసి ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తినా?"

చెవులయ్య నారాయణా అనుకుంటూ, ఆ ఇద్దరిలో ఒక మొలకని పీకాడు. అది కిలకిలా నవ్వింది. "ఏడుస్తావేంటయ్యా! నేను లేతాకుని, నన్ను పప్పులో వేసి నైవేద్యం పెట్టు." తర్వాత మడివైపు తిరిగి, "బావా, స్వామి దగ్గరికి నేనే ముందు! నువ్వు హాయిగా కాళ్లు చాపుకుని, లావెక్కి, తీరిగ్గా రా" అంది.