చప్పుడు లేని బండి

నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కొమ్ములూ దీర్ఘాలూ ఇప్పటికీ తడబడతాయి. ఈ కాస్తా రాయడానికి వానాకాలమంతా పట్టింది. అక్షరాలు నేర్పిన కోడలే చదివి కొంత దిద్దింది. మాట మాత్రం ఒక్కటీ కొట్టెయ్యలేదు. మిగిలిన తప్పులు మన్నించండి.

“తాళం దానికే ఇయ్యి,” అన్నాడు సూరయ్య.

అద్దె కారు తెచ్చిన ప్రమోద్ తాళం దుర్గాభవాని చేతిలో పెట్టాడు. సూరయ్య సాలూరులో లారీల ఆసామి. దుర్గాభవాని అతని కోడలు. మామకు తెలియకుండా డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. లారీలున్న ఇంట్లో ఆడది స్టీరింగు పడితే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు సూరయ్య. నేర్చిన విద్య ఎందుకు పాడవాలి, కొండ అవతల పుట్టింటికి నువ్వే తోలుకుంటూ పో, అన్నాడు. ఆమెను అక్కడ దింపేసి కారు అతను తెచ్చుకుంటాడు. నాలుగేళ్ల పింకీ మాత్రం ఇక్కడే ఉంటుంది. చూడ్డానికి కూడా గడప తొక్కొద్దన్నాడు. మొగుడు నాగపూరు లోడు మీద ఉన్నాడు. నాన్న ఎలా అంటే అలా, అన్నాడు ఫోనులో.

కరెంటు కార్లు అప్పుడప్పుడే అద్దెకు వస్తున్న రోజులు. ఆ బుల్లి కారును సూరయ్యే ఏరి తెప్పించాడు, చూసినవాళ్లు నవ్వాలని.

ప్రమోద్ ఓపిగ్గా చెప్పాడు. క్లచ్ ఉండదు, ఎడమ కాలికి పని లేదు. ఏసీ వేస్తే చార్జింగు తొందరగా దిగిపోతుంది, ఎత్తు ఎక్కితే ఇంకా దిగుతుంది.

“సౌండు రాలేదని ఆగిపోనాదనుకోకండి. ఈ పచ్చ లైటు ఎలుగుతన్నంతసేపు బండి ఆన్‌లో ఉన్నట్టే.”

“నలభై ఏళ్లు లారీ తోలినోడికి నువ్వు సెప్తావేటి?” అని సూరయ్య బీడీ ముట్టించుకోడానికి అవతలికి పోయాడు.

పచ్చ లైటు మాట చెవిన పెట్టింది ఇద్దరే. దుర్గాభవాని, పింకీని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ సూరయ్య భార్య కూర్మమ్మ.

పింకీ తల్లి కొంగు వదల్లేదు. కూర్మమ్మ ఆ పిడికిలి విప్పి, కోడలితో ఒక్క మాటే అంది.

“ఎత్తు కాడ ఆపమ్మా. మీ మావ రాయెట్టకుండా ఉండలేడు.”

నిజమే. ఎత్తు మీద లారీ ఆగి ఇంజను చప్పుడు పోగానే, దిగి వెనక చక్రం కింద రాయి పెట్టడం సూరయ్యకు క్లీనరుగా ఉన్ననాటి అలవాటు. బ్రేకును నమ్మినోడు పోతాడు, రాయిని నమ్మినోడు బతుకుతాడు, అనేవాడు.

బయల్దేరినప్పుడు దుర్గాభవాని ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతికింది. చప్పుడు లేక, కదల్లేదేమోనని గట్టిగా నొక్కితే కారు ఒక్క గెంతు గెంతింది. పాచిపెంట దాటేదాకా సూరయ్య నవ్వుతూనే ఉన్నాడు.

“ఏడాది తిరిగితే పింకీ నిన్నానవాలు పట్టదే,” అన్నాడు.

కొండ ఎక్కే ఘాటీ రోడ్డు మొదలయ్యాక చార్జింగు గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. దుర్గాభవాని ఏసీ కట్టేసింది. సూరయ్య చెమటలు కక్కుతూ, కారునీ ఆమెనీ కలిపి తిట్టాడు. నిటారు ఎత్తు మీద టీ బడ్డీ కనబడగానే ఆమె ఆపింది.

సూరయ్య దిగి, టీ కాస్తున్న జగ్గమ్మకు వినబడేలా అన్నాడు.

“దీనికి బండి రాదు. ఇయ్యాల ఎవుడి పేణం తీస్తాదో సూడు.”

జగ్గమ్మ నవ్వింది. సూరయ్య రోడ్డు పక్క పెద్ద రాయి ఏరుకుని కారు వెనక్కి నడిచాడు.

“ఆపీసినావేటే?”

దుర్గాభవాని పచ్చ లైటు వైపు చూసింది. “సౌండేటైనా ఇనబడతన్నాదా, మావా?”

అతను చెవి ఒగ్గాడు. “నేదు.”

సూరయ్య రాయి పట్టుకుని చక్రం దగ్గర వంగాడు. ఆమె రివర్సు వేసింది.

పాపం కొత్త చెయ్యి, ఆ పెద్దాయన ముందే అన్నాడు, అని జగ్గమ్మ పోలీసులకు చెప్పింది.

— కూర్మమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడూ సాలూరులోనే, కోడలి దగ్గర.