అత్తగారి దగ్గు

కోడలు వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేయగానే అత్తగారికి దగ్గు మొదలైంది.

“నేను ఇల్లు శుభ్రం చేసేటప్పుడే వస్తుందేం ఈ దగ్గు? నా పని నచ్చకపోతే నోటితో చెప్పండి అత్తయ్యా!”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విసురుగా కర్టెన్ లాగిన కోడలు అలాగే నిలబడిపోయింది. ఎండ పడిన చోట, మెషీన్ పీల్చిన దుమ్మంతా దాని వెనక నుంచి పొగలా లేచి అత్తగారి కుర్చీ మీదికే పోతోంది. ఆపి తెరిచి చూస్తే లోపలి సంచి చిరిగి ఉంది.

“మీకు ముందే తెలుసా?”

“పోయిన వారమే చూశానమ్మా.”

“మరి చెప్పలేదేం?”

“ఉన్న ఒక్క సెలవు రోజూ ఒళ్ళు హూనం చేసుకుంటున్నావు. వంక పెట్టినట్టుంటుందని ఊరుకున్నా.”

కోడలికి తల కొట్టేసినట్టయింది. కిటికీలన్నీ తెరిచింది. తడిగుడ్డ తెచ్చి, ముందుగా అత్తగారి కుర్చీ తుడుస్తూ, “ఇకనుంచి వంకలు పెట్టండి అత్తయ్యా,” అంది తలెత్తకుండా.