మూడో ప్రాణదాత

"ఇయ్యనంటే ఇయ్యనని చెప్పన్నా. ఊరికే తిప్పుకోవద్దు," అంది అంజలి ఫోనులో.

ఎడ్విన్ ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. ఆదివారం మధ్యాహ్నం. మార్కాపురంలో అతని సెల్‌ఫోన్ల రిపేరు దుకాణానికి సెలవు. ఇంట్లో బల్ల మీద, బాగుచేయమని ఇచ్చి మళ్లీ ఎవరూ రాని పాత ఫోన్లు. వాటి మధ్య కంప్యూటరు. అందులో అతను నడిపే ఆట, నల్లకొండ రాజ్యం.

"నేనేమన్నా కాదంటినా అంజలీ? రూలు అట్ల ఉంది."

ఆ ఆటలో కత్తి తిప్పడాలూ కారు తోలడాలూ ఉండవు. తలా ఒక వేషం తీసుకుని, ఆ వేషం ఏమంటుందో ఏం చేస్తుందో తెలుగులో రాసుకుంటూ పోవడమే. విలుకాడు, వర్తకుడు, దొంగ, ఇవి ఎంతమందైనా తీసుకోవచ్చు. చచ్చిన వేషాన్ని లేపగలిగే ప్రాణదాతలు మాత్రం రాజ్యం మొత్తానికి ముగ్గురే. నాలుగో ప్రాణదాత కావాలంటే ఆ ముగ్గురూ ఒప్పుకోవాలి.

మొదట్లో ఈ కట్టుబాటు లేదు. ఎడ్విన్ మంచివాడు, మంచివాళ్లతోనే వస్తుంది తంటా. అడిగిన వాళ్లందరికీ ప్రాణదాత వేషం ఇచ్చేశాడు. ఇంకేముంది, వీధికొక ప్రాణదాత! పొద్దున చచ్చినవాడు సాయంత్రానికి లేచి కూర్చునేవాడు. చావంటే భయం లేని చోట గెలుపుకి రుచేముంటుంది? జనం విసుగెత్తి గుంపులు గుంపులుగా వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి కట్టుకున్న రాజ్యం కళ్లముందే ఖాళీ అవుతుంటే ఎడ్విన్ అన్నం మానేసి ఏడ్చాడు. అప్పటినుంచీ ముగ్గురంటే ముగ్గురే.

"ప్రాణదాత వేషం అడిగేది నాకోసం కాదన్నా. ప్రసన్న కోసం," అంది అంజలి. "ఆ పిల్ల పెండ్లయి గిద్దలూరు పోయింది. అత్తగారింట్లో ఫోను మాట్లాడనీరు. ఆటలో రాసుకుంటే ఎవరికీ ఇనపడదని ఇద్దరం ఈడ నవ్వుకుంటా ఉంటిమి. యుద్ధంలో దాని వేషం చచ్చిపోయినాక ఇంక రావడమే మానుకున్యాది. మళ్లీ మొదట్నించీ ఎత్తుకునే ఓపిక లేదంట. నేను లేపితే వస్తానంది."

"ఆ ముగ్గుర్లో ఎవరినన్నా లేపమని అడగరాదా?"

"అడగకుంటానా? ఎప్పుడడిగినా తపస్సులో ఉన్నామంటారు. ఏం తపస్సన్నా అది, నెలల తరబడి!"

ఎడ్విన్‌కి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

"నీకంటే ముందు శానామంది అడిగినారు తల్లీ. నీకిస్తే వాళ్లూరుకుంటారా?"

"నేను అర్ధవీడు కొండల్లో పొద్దుగూకులూ మేకల ఎనక తిరిగేదాన్ని. పలకరించే మనిషుండదు. నాకున్యది ఆ పిల్ల ఒక్కతే అన్నా."

ఇంతలో చర్చి నుంచి వచ్చిన తల్లి మార్తమ్మ గదిలోకి తొంగిచూసింది. "పాస్టరయ్య అడిగినాడురా, మీవాడు రాలేదేందని. అన్నం పెడతా, రా."

"పనుందమ్మా."

"ఏం పనో ఏమో! టకటకా కొడతానే ఉంటావు. పదిమంది చాకిరీ ఒక్కడివే చేస్తాండావు," అని గొణుక్కుంటూ వెళ్లింది.

ఎడ్విన్ నిట్టూర్చాడు. "సరే, ముగ్గురినీ సభకు పిలుస్తాండా. నువ్వూ చూస్తా ఉండు."

రాజాజ్ఞ తెర మీద కనిపించింది. కాసేపటికే మొదటి ప్రాణదాత జవాబు వచ్చింది. "ఆ పిల్ల బాధ చూడలేకున్నాను. నాకు సమ్మతమే."

"అన్నా!" అంది అంజలి.

రెండో జవాబు. "ఒక్కరే కదా. ఇవ్వండి."

"అయ్యో దేవుడా! ఇంగొక్కరే అన్నా!"

మూడో జవాబు రాలేదు. కోరింది దొరికాక వెనక్కి తిరిగి చూడకుండా పోయినవాళ్లు ఎంతమందో ఎడ్విన్‌కి తెలుసు. అడుగుతున్నంత కాలం అంజలి రోజూ వస్తుంది. దొరికితే?

మూడో జవాబు వచ్చింది. "ఒప్పుకోను. అరుదైనది అరుదుగానే ఉండాలి."

అవతల మేకలు అరిచాయి.

"ఆయప్పకు ఏం పోతాదన్నా?" అంది అంజలి. "నెంబరియ్యి. కాళ్లు పట్టుకుంటా."

"ఇయ్యగూడదమ్మా."

"నువ్వన్నా చెప్పు!"

"నా చేతిలో ఏముంది తల్లీ? అడుగుతా ఉండు. ఏదో ఒక రోజు ఒప్పుకుంటారు."

"వద్దులే అన్నా. ఈరోజు లేపుతానని ప్రసన్నకు మాటిచ్చినా. ఇంక ఏ మొగం పెట్టుకుని ఆడేది? నేనూ పోతా."

ఫోను పెట్టేసింది. తెర మీద ఆమె విలుకత్తె వేషం ఒక్క వాక్యం రాసింది. "విల్లు ఇక్కడ పెట్టి వెళ్తున్నాను." ఆ వెంటనే ఆ పేరే చెరిగిపోయింది.

ఎడ్విన్ ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. సభలో మూడో ప్రాణదాత మాట మారింది, "సరే, ఇవ్వండి" అని. ఇప్పుడెవరికి ఇవ్వాలి?

అన్నం కంచంతో వచ్చిన మార్తమ్మ కొడుకు ముఖం చూసి కంగారు పడింది. "ఏడుస్తాండావేందిరా?"

"అంజలి ఆట మానేసి ఎళ్లిపోయిందమ్మా."

మార్తమ్మ తెర వంక చూసింది. ఆటలో ఉన్నవాళ్ల పేర్లు, ఆ ముగ్గురు ప్రాణదాతలవీ కలిపి, పచ్చచుక్కలతో వరసగా పైనుంచి కిందదాకా వెలుగుతున్నాయి.

"ఓరి పిచ్చోడా! ఒక్క పిల్ల పోతే ఏమాయెరా, ఇంకా ఇంతమంది ఉండారు గదా?"

ఆ ఇంతమందీ ఎడ్వినే.