కిటికీ సందుల్లో గుడ్డలు

"నువ్వసలు కన్నతల్లివేనా?" అని అరిచాను. మా బాదంతోటలో దిగిన కారవాన్ అనే బండి ఇంటి బయట, జనవరి చలిలో, పిల్లల తోపుడు బండిలో పసివాడు నిద్రపోతున్నాడు. స్పెయిన్ అంటే ఏడాదంతా ఎండే అనుకుని వచ్చి పడతారు ఈ స్వీడన్‌వాళ్ళు!

"మా దేశంలో మంచు పడుతున్నా పిల్లల్ని బయటే పడుకోబెడతాం, రెమేదియోస్ పెద్దమ్మా. గాలి మంచిది," అంది పిల్లాడి తల్లి లిన్నేయా.

"గాలట! మేం మేకల్ని కూడా లోపలే కట్టేస్తాం."

బండి లాక్కుపోయి, మా ఇంట్లో కుంపటి పక్కన పెట్టి తలుపు బిగించాను. వెనకే వచ్చిన లిన్నేయా ముక్కు చిట్లించింది.

"అన్నీ మూసేసి బొగ్గులు కాలుస్తారా? ఆ బొగ్గుగాలి బయటికి పోకపోతే తలనొప్పి రాదూ?"

"చలికాలంలో ఎవరికి రాదు? మా ఆయనకీ వచ్చేది. కుంపటి సుఖం మీకేం తెలుసమ్మా! ఆయన ఈ కుర్చీలోనే, నిద్రలోనే పోయాడు. పోయాక కూడా బుగ్గలు ఎర్రగా..."

లిన్నేయా కిటికీ సందుల్లో కుక్కిన గుడ్డలవంక చూసింది.

నేనూ చూశాను. ఆయన పోయిన రోజూ వాటిని కుక్కింది నేనే.

తలుపు తీసి, బండిని నేనే బయటికి తోశాను.