చావు కబురు చెప్పే విద్య

“చావు కబురు చెప్పడం చేతకాక ముగ్గురు మగాళ్లు కట్టకట్టుకుని నా ఇంటికొచ్చారా!” అన్నాడు అసన్‌కున్.

ముగ్గురూ తలలు దించుకున్నారు. ఆ లోయలో ఎవరింట చావు జరిగినా, ఆ మాట అయినవాళ్ల చెవిన వేయడానికి అసన్‌కున్‌నే పిలుస్తారు. పెళ్లిలోనైనా పంచాయితీలోనైనా ఆయన లేచి నిలబడితే జనం దగ్గడం కూడా ఆపేస్తారు.

“చెప్పాల్సింది వీడు,” అన్నాడు పొరుగింటి కుబాత్, బడిపంతులు మెదెర్‌ను ముందుకు తోస్తూ. “మాస్కో నుంచి ఫోను వీడికే వచ్చింది. పనికెళ్లిన కుర్రాడొకడు, కడుతున్న మేడ మీంచి పడి పోయాడట. తండ్రికి చెప్పాలి. వీడికేమో నోరు పెగలడం లేదు. నువ్వు కాస్త నేర్పు.”

“ఏ ఊరి వాళ్లు?”

“కొండ అవతల.”

“ఎవరి కొడుకు?”

“నీకు తెలిసినవాళ్లు కాదులే.”

అసన్‌కున్ కుబాత్ ముఖంలోకి కాసేపు చూశాడు. మరేమీ అడగలేదు.

అంతలో ఆయన భార్య బురుల్ టీ తెచ్చింది. “ఏమిటర్రా, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినట్టు బిగుసుకుపోయారు? మెదెర్, నీకు పిల్లనెవరూ ఇవ్వనన్నారా ఏమిటి?” అని నవ్వింది. ఎవరూ నవ్వలేదు. “పిండి కలిపి ఉంది. రొట్టెలు తినకుండా కదిలారంటే ఊరుకోను,” అంటూ వెళ్లిపోయింది. వంటింట్లో రేడియో పాడుతోంది. అసన్‌కున్ లేచి ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

“సరే. నేనే ఆ తండ్రిని అనుకో. చెప్పు.”

మెదెర్ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. “పెద్దయ్యా... ఆకాశంలోకి ఎగిరిన డేగ... మళ్లీ చేతి మీద వాలలేదు...”

“ఏ డేగ?”

“అంటే... పెద్దలు అలా చెప్తారు కదా...”

“నేనూ చెప్పానులే, వయసులో ఉన్నప్పుడు. ఒకాయన అరగంట సేపు తన డేగను వెతుక్కుంటూ కూర్చున్నాడు. నీ ముచ్చట కోసం ఆయన్ని తిప్పకు. మనిషి గురించి మనిషిలా చెప్పు. నిలబడకు, అది నీ బడి కాదు. ఎదురుగా కూర్చో. మళ్లీ.”

మెదెర్ కూర్చున్నాడు. “పెద్దయ్యా మీ అబ్బాయి పనిలో ఉండగా పదో అంతస్తు నుంచి—”

“గుర్రాన్ని తరుముతున్నావా? ఆగు. ఊపిరి తీసుకో. నేల చూపులేమిటి? కబురు నేలకు చెప్తున్నావా, నాకా?”

మెదెర్ తలెత్తాడు. అతని కళ్లు నిండి ఉన్నాయి.

“ఫరవాలేదు, రానీ,” అన్నాడు అసన్‌కున్. “కన్నీళ్లు వస్తే దాచకు. గొంతు మాత్రం పోనివ్వకు. గొంతు పోతే అవతలి మనిషికి సగమే వినపడుతుంది. మిగతా సగం ఆయన ఊహించుకుంటాడు. ఊహ ఇంకా ఘోరంగా ఉంటుంది.”

కుబాత్ మెల్లగా జరిగి ముసలాయన కుడి పక్కకు వచ్చాడు. మూడో మనిషి ఎడమ పక్కన చేరాడు.

అసన్‌కున్ అటూ ఇటూ చూశాడు. “ఇది బాగుంది. చెప్పేటప్పుడు తండ్రికి రెండు పక్కలా మనుషులుండాలి. ఒరిగిపోతే పట్టుకోవడానికి.” టీ గిన్నె కింద పెట్టాడు. “చెప్పడం సగం పనే మెదెర్. చెప్పాక నోరు మూసుకుని వినాలి. ఆయన నిన్ను తిడతాడు. తిట్టనీ. సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. అడ్డు రాకు. ధైర్యం తెచ్చుకో పెద్దయ్యా అని మాత్రం అనకు. అలా అన్నవాణ్ణి చంపాలనిపిస్తుంది. తర్వాత ఏవో అడుగుతాడు. వాటికి తయారుగా ఉండాలి.”

“ఏం అడుగుతాడు?”

“మొదట అడిగేది, బాధపడ్డాడా అని.”

“లేదు పెద్దయ్యా. పడగానే పోయాడట.”

“నా కళ్లలోకి చూసి చెప్పు. అబద్ధమైతే తండ్రికి తెలిసిపోతుంది.”

“నిజం. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. వాడే చెప్పాడు.”

“పక్కన ఎవరైనా ఉన్నారా అంటాడు.”

“మా తమ్ముడే. పరిగెత్తుకెళ్లి తల ఒళ్లో పెట్టుకున్నాడట. అంబులెన్స్ వచ్చేదాకా దించలేదట.”

అసన్‌కున్ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల ఎవరిదో గొర్రెల మంద దుమ్ము రేపుకుంటూ పోయింది.

“ఎప్పుడు తెస్తారని అడుగుతాడు. కడచూపుకు పడుకోబెట్టే గుడారం ఎప్పుడు వేయాలో ఆయనకు తెలియాలిగా.”

“ఎల్లుండి. బిష్కెక్ దాకా విమానం. అక్కడి నుంచి మేం తీసుకొస్తాం. ఆయన రానక్కర్లేదు.”

“వస్తాడు,” అన్నాడు అసన్‌కున్. “సరే. మొదటి నుంచి ఒక్కసారి చెప్పు. ఈసారి నేను ఆపను.”

మెదెర్ ముందుకు జరిగి, ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. కళ్లలోకి చూశాడు.

“పెద్దయ్యా, చెడు కబురు తెచ్చాను. మీ అబ్బాయి పోయాడు. నిన్న పొద్దున, పనిలో, పైనుంచి పడి పోయాడు. బాధపడలేదు. ఒంటరిగా లేడు. ఎల్లుండి ఇంటికి తీసుకొస్తాం.”

అంతే చెప్పి ఆగాడు. తలుపు అవతల రేడియో పాట అయిపోయింది. బురుల్ రొట్టెలకు పిండి చరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

అసన్‌కున్ చేతులు వెనక్కి తీసుకోలేదు.

“చాలు నాయనా, వచ్చేసింది నీకు,” అన్నాడు. “ఇక వంటింట్లోకి వెళ్లి, వాడి తల్లికి కూడా ఇలాగే చెప్పు.”