హెల్మెట్ దాచిన కోచ్

"హెల్మెట్ ఇవ్వండి కోచ్."

"ఇవ్వను. కూర్చో."

డ్వేన్ ప్రూయిట్ కూర్చోలేదు. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి గుద్ది పడగొట్టే లైన్‌బ్యాకర్ అతను. ఇందాక అలాగే ఒకణ్ణి పడగొట్టి, లేస్తూ తూలాడు. అంతే, డిఫెన్స్ కోచ్ హాలోరన్ అతని హెల్మెట్ లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. ఈ ఆటలో కళ్ళు బైర్లు కమ్మినవాడు కూడా మళ్ళీ మైదానంలోకే పరిగెడతాడు. చెబితే వినే రకాలు కాదు, హెల్మెట్ దాచాల్సిందే.

"నాకేం కాలేదు. మంచుకి కాలు జారింది."

"నాకు చెప్పొచ్చావా? నువ్వు పుట్టకముందే ఇదే స్థానంలో ఆడాను. కొండల్లాంటి వాళ్ళని తలతో గుద్ది కూల్చాను."

"అదే మీ బాధ. మీ పేరు నేనెక్కడ చెరిపేస్తానో అని."

బెంచీ మీదివాళ్ళు తలలు దించుకున్నారు. డ్వేన్ వెనక్కి తగ్గలేదు. తలకు దెబ్బ అని ఇంకొక్కసారి రాశారంటే వచ్చే ఏడు ఏ జట్టూ అతణ్ణి గుమ్మం తొక్కనివ్వదు. అతనికి వచ్చిన విద్య ఇదొక్కటే.

హాలోరన్ ముఖం జేవురించింది. "అయితే చెప్పు. పోయిన వారం ఎవరితో ఆడాం?"

"డెట్రాయిట్‌తో."

"తప్పు. గెలిచామా?"

"ఓడాం."

"తప్పు. ఇవాళ అవతలి జట్టుకి బంతి విసిరేది ఎవడు?"

"కోల్బీ."

"రస్క్‌రా, వెధవా. పొద్దున్నుంచి ఎవడి వెంట పడుతున్నావో కూడా తెలీదు నీకు."

డ్వేన్‌కి తన మీద తనకే అనుమానం వచ్చింది. రస్క్ అన్న పేరు ఎక్కడో విన్నట్టుంది, మనిషి మాత్రం గుర్తుకు రావడం లేదు. పక్కవాణ్ణి అడగబోయి నోరు మూసుకున్నాడు. అడిగితే తల చెడిందని తనే ఒప్పుకున్నట్టు.

ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. ఇక్కడ ఆవిడ మాటకి ఎదురులేదు, కోచ్‌లైనా సరే వినాల్సిందే.

"వీడి పని అయిపోయింది డాక్టర్. రస్క్ ఎవడో కూడా తెలీదంటున్నాడు. తీసుకుపోండి," అన్నాడు హాలోరన్ కసిగా.

ఆవిడ డ్వేన్ కళ్ళలోకి లైటు వేసి చూసింది, ఏవో నాలుగు మాటలు అడిగింది. తర్వాత హాలోరన్ చంకలోంచి హెల్మెట్ మెల్లగా లాగి డ్వేన్ చేతిలో పెట్టింది.

"రస్క్ ఆట మానేసి ముప్పై ఏళ్ళయింది కోచ్. పదండి, పరీక్ష చెయ్యాల్సింది మిమ్మల్ని."