బుధవారం బట్టతల

ఎడిటర్ ఆ వీడియో ముక్కను పదకొండోసారి చూశాడు.

నలుపు తెలుపు బొమ్మ. కూరగాయల మార్కెట్ గేటు మీద బాగా ఎత్తున బిగించిన కెమెరా. అంత ఎత్తునుంచి చూస్తే మనుషులకు ముఖాలుండవు, నెత్తులే ఉంటాయి. కానీ ఆమె ఒక్క క్షణం తలెత్తి గేటు మీది బోర్డు చూసింది. అది చాలు. పద్దెనిమిదేళ్లుగా కాపురం చేస్తున్న భార్యను ఎవరు పోల్చుకోలేరు?

పక్కన ఒకడున్నాడు. ఫోన్‌లో తల దూర్చి నడుస్తున్నాడు. ముఖం కనబడదు. నడినెత్తిన చేతి గడియారమంత బట్టతల ఎండకు మెరుస్తోంది.

తెర మూలన అంకెలున్నాయి. బుధవారం, ఉదయం పదకొండూ ఇరవై. బుధవారం ఆ వేళకు తను ఇదే గదిలో, ఇదే కుర్చీలో ఉంటాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

అతను కూర్చుతున్నది నిఘా కెమెరాల మీద డాక్యుమెంటరీ. కెమెరా చూపించేది ఒకటి, మనం చూసేది మరొకటి అని దాని సారాంశం. అడిగి తెచ్చిన ఫుటేజీ రెండు వందల గంటలుంది. మనుషుల కళ్లు ఎక్కడెక్కడ బోల్తా పడతాయో అందులోంచి ఏరి పెట్టడం అతని పని. పోయిన వారమే ఒక భాగం పూర్తి చేశాడు. కరెంటు పోయి కెమెరాలో వారమూ వేళా తప్పితే, ఆ అంకెలు నమ్మి ఎవరో అమాయకుణ్ణి దొంగను చేశారు. అది అతికిస్తూ పడీపడీ నవ్వాడు. "మూలన నాలుగంకెలు కనబడితే చాలు, జనానికి అదే వేదవాక్కు" అన్నాడు.

ఇవాళ నవ్వు రావడం లేదు.

పాత ఫుటేజీ వెతికాడు. మూడు బుధవారాలు దొరికాయి. మూడింటిలోనూ ఆమె, ఆమె పక్కన వాడు.

మూడోదే అతన్ని ఎక్కువ కాల్చింది. ఆమె రెండు చేతుల్లోనూ బరువైన సంచులు. గేటు దాటగానే ఆగి, రెండూ ఒక చేతికి మార్చుకుంది. రెండో చేత్తో అట్టముక్క తీసి, వాడి నడినెత్తికి ఎండ తగలకుండా నీడ పట్టింది. అలాగే ఒరిగిపోతూ నడిచింది. వాడు తలెత్తి కూడా చూడలేదు.

ఎడిటర్‌కు ఒళ్లు మండిపోయింది. ఒక్క సంచైనా అందుకున్నాడా వెధవ! ఆమె ఏదో చెబుతుంటే ఊ కొట్టనైనా లేదు. ఇలాంటి మొద్దులో ఏం చూసింది? తనకు ఎన్నడైనా అలా నీడ పట్టిందా? ఆదివారాలు తనూ ఆమెతో మార్కెట్‌కు వెళ్తాడు. తను గమనించినంతవరకు అలాంటిదేమీ లేదు.

టీ కప్పుతో డైరెక్టరమ్మ లోపలికి వచ్చింది.

"మేడమ్, ఈ ఇద్దర్నీ చూస్తే ఏమనిపిస్తోంది?" అన్నాడు, మామూలుగా అడిగినట్టు.

ఆమె గుమ్మంలోంచే ఒక చూపు చూసింది. "మొగుడూ పెళ్లాలు. ఇంకెవరు?"

"అంత గట్టిగా ఎలా చెబుతారు?"

"సంచులు ఆవిడ మోస్తోంది, ఫోన్ ఆయన మోస్తున్నాడు. ప్రియుడైతే ఆవిణ్ణి కూడా మోసేవాడు కదండీ!" నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

సినిమా తీసే మనిషికే చూపు ఇంత గుడ్డిదైతే ఇక జనం సంగతేమిటి అనుకున్నాడు ఎడిటర్. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"ఒకసారి ఆఫీసుకు రా. నీకొకటి చూపించాలి."

"ఇప్పుడా? పొయ్యి మీద..."

"కట్టేసి రా."

ఆమె వచ్చేలోగా బాత్రూమ్‌లోకి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. జేబులోంచి దువ్వెన తీసి ముంగురులు పైకి దువ్వాడు. నలభై ఐదేళ్లొచ్చినా ఒత్తుగా ఉన్నాయి. ఆ బట్టతలగాడి కంటే తనేం తక్కువ? ఏడుపొచ్చింది. ముఖం కడుక్కున్నాడు. ఈ కాపురం నిలబడుతుందో కూలుతుందో ఇవాళ తేలిపోవాలి.

ఆమె ఆయాసపడుతూ వచ్చింది. ఏమీ అడక్కుండా తలుపు వేసి, మూడు ముక్కలూ వరసగా చూపించాడు. చివర బొమ్మ ఆపి, ఆ నెత్తిని తెరంతా పెద్దది చేశాడు.

"వీడెవడు?"

ఆమె తెర వైపు చూసింది. అతని వైపు చూసింది. మళ్లీ తెర వైపు చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఇది మీకు ఎప్పటికీ తెలియకూడదనుకున్నానండీ" అంది చివరికి.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లవుతోంది."

"రెండేళ్లా! నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే మీరు తట్టుకోలేరు. పొద్దున్నే మిమ్మల్ని చూస్తే జాలేసేది. ఊరుకునేదాన్ని."

"నీ జాలి ఎవడిక్కావాలి!" బల్ల గుద్దాడు. "వాడెక్కడున్నాడో చూపించు. ఇప్పుడే చూపించు!"

ఆమె దగ్గరకు వచ్చి, బల్ల మీదున్న అతని చేతిని పట్టుకుని, మెల్లగా ఎత్తి, అతని నడినెత్తి మీదే, దువ్వెన ఎన్నడూ చేరని ఆ నున్నటి చోట పెట్టింది.